దస్తూరి ఎవరిది? బైబిల్ రాసింది దేవుడా, మనుషులా అన్న తికమక

ఈమధ్య మా అక్క కొడుకు తిరుపతి హాస్టల్ నుంచి ఒకే రాత్రి రెండు వీడియోలు పంపాడు. మొదటిదాంట్లో ఒకాయన బల్ల గుద్ది, బైబిల్లో ప్రతి అక్షరం దేవుడు చెప్పి రాయించిందే అంటున్నాడు. రెండోదాంట్లో ఇంకొకాయన అంతే గట్టిగా, అదంతా మనుషులు రాసుకున్నదే, చాలా పుస్తకాలకు రాసిందెవరో కూడా తెలీదు అంటున్నాడు. కింద మావాడి మెసేజ్: "మామా, ఇద్దర్లో ఎవరు కరెక్ట్?"

ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేద్దామనుకున్నా గానీ కుదర్లేదు. ఆ ఇద్దరూ అసలు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. కలం పట్టిందెవరు అన్నది ఒక ప్రశ్న. మాటలు ఎవరివి అన్నది ఇంకొకటి. ఆ మాటలకు పూచీ ఎవరిది అన్నది మూడోది. అప్పుడు రాసిందే ఇప్పుడు మన చేతిలో ఉందా అన్నది నాలుగోది. వీడియోల్లో ఈ నాలుగింటినీ ఒకే మూటలో కట్టేస్తారు. "మనుషులే రాశారు" అని ఒకరు మొదటి ప్రశ్నకు జవాబు చెబుతారు. "ఇది దేవుని వాక్యం" అని ఇంకొకరు మూడోదానికి జవాబు చెబుతారు. ఎదుటివాణ్ణి ఓడించేశామని ఇద్దరూ అనుకుంటారు.

## ఒకే వచనం, రెండు బైబిళ్లు

చిత్తూరులో చాలా ఇళ్లలాగే మా ఇంట్లోనూ రెండు భాషలు. 1911లో జిల్లా ఏర్పడకముందు ఈ ఊరు ఉత్తర ఆర్కాటులో ఉండేది. 1853లో మొదలైన ఆర్కాట్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ కూడా అటు వేలూరు, ఇటు చిత్తూరు, మదనపల్లె కలుపుకునే పనిచేసింది. మా అమ్మమ్మ తమిళ బైబిల్, నాన్న తెలుగు బైబిల్ ఇప్పటికీ ఒకే అరలో ఉంటాయి. దైవావేశం గురించి మాట్లాడేవాళ్లు ముందుగా ఎత్తేది తిమోతికి రాసిన రెండో పత్రిక (బైబిల్లో పత్రిక అంటే ఉత్తరం), 3వ అధ్యాయం, 16వ వచనం. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని అదే తీశాను.

తెలుగులో ఇలా ఉంది: "దైవావేశమువలన కలిగిన ప్రతిలేఖనము ఉపదేశించుటకును, ఖండించుటకును, తప్పు దిద్దుటకును, నీతియందు శిక్షచేయుటకును ప్రయోజనకరమై యున్నది." తమిళంలో ఉన్నదాన్ని మన మాటల్లో చెబితే: వేదవాక్యాలన్నీ దేవుని ఆత్మ చేత అనుగ్రహించబడ్డాయి, అవి ఉపదేశానికీ మందలింపుకీ పనికొస్తాయి.

రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ కావు. లేఖనాలన్నీ దేవుడిచ్చినవే అని తమిళం నేరుగా ప్రకటిస్తోంది. తెలుగు ఆ సంగతిని విశేషణంగా సర్దేసి, అలాంటి లేఖనం పనికొస్తుందని మాత్రమే చెబుతోంది. వాదానికి దిగినవాడు తెలుగు పట్టుకుని, "అయితే దైవావేశం వల్ల కలగని లేఖనం కూడా ఉంటుందా?" అని అడగొచ్చు. తమిళంలో ఆ సందు లేదు. ఇందులో అనువాదకుల తప్పేమీ లేదు. గ్రీకు మూలంలో అక్కడ క్రియే లేదు, రెండు విధాలా చదవొచ్చు. (ఇంకో చిన్న చిక్కు: "ప్రతి లేఖనము" అని విడిగా కాక కలిపి అచ్చువేయడంతో, మావాడు దాన్ని "ప్రతిలేఖనం", అంటే చూసిరాత అనుకున్నాడు.)

తెలుగులో దైవావేశం అన్నచోట గ్రీకులో ఉన్న మాట థియోప్న్యూస్టోస్. థియోస్ అంటే దేవుడు, తర్వాతి భాగం ఊపిరికి, ఊదడానికి సంబంధించింది. దేవుడు ఊపిరిగా వదిలినది అని చెప్పుకోవచ్చు. కొత్త నిబంధన (బైబిల్లో యేసు, ఆయన శిష్యుల కాలపు భాగం) మొత్తంలో ఈ మాట ఈ ఒక్కచోటే వస్తుంది. ఆ ఊపిరి సిరా ఎలా అయిందో ఆ వచనం చెప్పదు.

## ఆవేశం అంటే పూనకమేనా?

మన తెలుగువాళ్ల తికమకలో సగం ఈ "ఆవేశం" అన్న మాటలోనే ఉందని నా అనుమానం. మన వైపు ఆవేశం అంటే ఒకటి కోపం, రెండోది పూనకం. తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్లకు పూనకం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒంటి మీదికి అమ్మ వచ్చినప్పుడు ఆ మనిషి చూపు మారిపోతుంది, గొంతు మారిపోతుంది. నోట వచ్చే మాట అమ్మవారిదే, మనిషి గొంతు అరువిచ్చినట్టు అంతే అని జనం నమ్ముతారు. దిగాక "నేనేమన్నాను?" అని ఆ మనిషే అడగడమూ ఉంటుంది. ఈ దృశ్యం మనసులో పెట్టుకుని "దైవావేశం" అని చదివితే, బైబిల్ రాసినవాళ్లంతా అలాగే ఒళ్లు మరచి రాసుంటారనిపిస్తుంది.

ఇప్పుడు యేసు జీవితాన్ని చెప్పే నాలుగు సువార్తల్లో ఒకటైన లూకా సువార్త మొదటి నాలుగు వచనాలు చూడండి. కళ్లారా చూసినవాళ్లు అప్పగించిన సంగతులను రాయడానికి ఇప్పటికే అనేకులు పూనుకున్నారు, నేనూ అన్నిటినీ మొదటి నుంచి తరచి తెలుసుకున్నాను, కాబట్టి ఓ థెయొఫిలా, వరుసగా రాయడం మంచిదనుకున్నాను అంటాడు. దర్శనం లేదు, ఆకాశవాణి లేదు. పాత్రికేయుడిలా నలుగురినీ అడిగి రాశాడు. లూకాది పూనకం కాదు, పూనిక.

అలాగని బైబిలంతా లూకాలాగే ఉండదు. సీనాయి కొండ మీద రెండు రాతిపలకలు దేవుని వేలితోనే రాయబడ్డాయని నిర్గమకాండం చెబుతుంది. ప్రవక్తలు "యెహోవా సెలవిచ్చునదేమనగా" అని మొదలుపెట్టి చెప్పుకుపోతారు. పేతురు రెండో పత్రిక 1:21 ఆ ప్రవచనాల గురించే మాట్లాడుతూ, మనుషులు పరిశుద్ధాత్మ ప్రేరణతో పలికారంటుంది. అక్కడి గ్రీకు క్రియకు "మోసుకుపోబడి" అని అర్థం. అపొస్తలుల కార్యములు 27లో తుపాను గాలికి కొట్టుకుపోతున్న ఓడకు వాడింది కూడా అదే క్రియ. రాతిపలక, ప్రవక్త కేక, లూకా విచారణ, ఇవన్నీ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. బైబిల్ ఎలా పుట్టిందంటే ఒకే ఒక్క జవాబు బైబిలే ఇవ్వదు.

## విన్నపం దేవుని మాట ఎలా అవుతుంది?

మిగతా సంప్రదాయాల పక్కన పెట్టి చూస్తే క్రైస్తవుల వాదం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వేదం అపౌరుషేయం, దానికి కర్తే లేడు, దేవుడు కూడా కాదంటారు మీమాంస దర్శనం వాళ్లు. న్యాయ దర్శనం వాళ్లు ఒప్పుకోరు, కర్త ఈశ్వరుడే అంటారు. ఖురాన్ మాట మాటా ప్రవక్తకు దిగివచ్చిందని ముస్లింల విశ్వాసం. బైబిల్ విషయంలో ఎక్కువమంది క్రైస్తవులు చెప్పేది ఈ మూడింటికీ భిన్నం. రచయిత మనిషే, రచయిత దేవుడూనూ అంటారు.

తిరుమలలో దొరికిన తాళ్లపాకవారి రాగిరేకుల మీద ఉన్న శాసనం ఇక్కడ గుర్తుకొస్తుంది. అన్నమాచార్యులకు పదహారో ఏట తిరువేంకటనాథుడు ప్రత్యక్షమయ్యాడనీ, అప్పటి నుంచి ఆయన "విన్నపము చేసిన" సంకీర్తనలు ఇవీ అనీ అందులో ఉంటుంది. ప్రేరణ స్వామిది, పాట అన్నమయ్యది. ఆ పాట కింది నుంచి పైకి వెళ్లే విన్నపం.

కీర్తనల గ్రంథం కూడా చాలావరకు విన్నపమే. 150 కీర్తనల్లో 73కి దావీదు పేరుంది. 22వ కీర్తన "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అని మొదలవుతుంది. అది దేవుడు మనిషితో అన్న మాట కాదు, దేవుడి మీద మనిషి పెట్టుకున్న మొర. దాన్ని కూడా చర్చిలో దేవుని వాక్యం అనే చదువుతారు. దేవుడు చెబితే మనిషి రాసుకున్నాడన్న బొమ్మ ఇక్కడ ఇమడదు. ఆ మొరను దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు, ఆ అర్థంలో అది ఆయన వాక్యం అంటారు వేదాంత పండితులు.

## పాత దస్తావేజులో వేలిముద్ర, దస్తూరి

మా బీరువాలో తాత కొన్న మామిడితోట తాలూకు పాత క్రయ దస్తావేజు ఉంది. "నా ఇష్టపూర్వకంగా రాసి ఇచ్చిన" అని ఉంటుంది గానీ, అమ్మినాయనకు అక్షరమ్ముక్క రాదు. అడుగున ఆయన వేలిముద్ర, సాక్షుల సంతకాలు, చిట్టచివర చిన్న అక్షరాలతో "దస్తూరి" అని లేఖరి పేరు. ఈ దస్తావేజు రాసిందెవరు? కలం పట్టింది లేఖరి. వాక్యాల పోకడ కూడా లేఖరిదే, ఆ రైతు ఇంట్లో "దాన విక్రయాది సర్వహక్కులతో" అని మాట్లాడి ఉండడు. కానీ మాట రైతుది, పూచీ రైతుది. తోటను లేఖరి అమ్మాడని ఏ కోర్టూ అనదు.

తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు రోమాలోని సంఘానికి రాసిన రోమా పత్రిక చివరికి వెళ్తే 16:22లో ఉన్నట్టుండి ఒక కొత్త గొంతు వినిపిస్తుంది: "ఈ పత్రిక వ్రాసిన తెర్తియు అను నేను ప్రభువునందు మీకు వందనములు చేయుచున్నాను." పౌలు పత్రికలో ఈ తెర్తియు ఎవరు? లేఖరి. అది అచ్చం దస్తూరి గీతే. గలతీ పత్రిక 6:11లో పౌలు తన చేత్తో ఎంత పెద్ద అక్షరాలతో రాస్తున్నానో చూడండి అంటాడు. అది చేవ్రాలు. పేతురు మొదటి పత్రిక చివర సిల్వాను పేరు ఇలాగే వస్తుంది.

ఆ కాలపు లేఖరుల్లో చెప్పింది చెప్పినట్టు దించేవాళ్లు ఉండేవాళ్లు, విషయం చెబితే వాక్యాలు తామే అల్లేవాళ్లూ ఉండేవాళ్లు. పత్రికల కర్తృత్వం మీద ఇప్పుడు జరిగే గొడవల్లో ఈ తేడాకి చాలా పని ఉంది.

## పౌలు మరచిపోయిన పేర్లు

నన్నడిగితే, ఈ చర్చకు అందరూ ఎత్తే వచనాలకంటే ఒకటో కొరింథీ పత్రిక 1:14–16 బాగా పనికొస్తుంది. కొరింథులో ఎవరు ఎవరి శిష్యులన్న తగవు నడుస్తోంది. పౌలుకు చిరాకు. మీలో క్రిస్పుకీ గాయియుకీ తప్ప ఇంకెవరికీ నేను బాప్తిస్మం ఇవ్వలేదు, దేవునికి స్తోత్రం అంటాడు. వెంటనే నాలుక కరచుకున్నట్టు, స్తెఫను ఇంటివాళ్లకు కూడా ఇచ్చాను అంటాడు. ఆ తర్వాత, ఇంకెవరికైనా ఇచ్చానేమో నాకు తెలియదు అని వదిలేస్తాడు. లేఖరి రాసుకుంటుంటే పక్క నుంచి ఎవరో "మరి స్తెఫనువాళ్లో?" అని గుర్తుచేసినట్టు ఉంటుంది. కొట్టేసి మళ్లీ రాయలేదు, అలాగే పంపించారు.

దేవుడు మాట మాటా చెప్పి రాయించాడన్న వాదానికి ఇది గట్టి పరీక్ష. దేవుడు మరచిపోడు కదా! ఈ వాదం చేసేవాళ్లు, ఆ మతిమరుపు మాటలు కూడా అలాగే ఉండాలని ఆత్మే నిర్ణయించింది అంటారు. అది అసాధ్యమైన జవాబు కాదు గానీ, చెప్పి రాయించడం అన్న మాటకు ఇక పెద్దగా అర్థం మిగలదు.

ఎవాంజెలికల్ (బైబిల్ అధికారానికి పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్) చర్చిల్లో చదువుకున్న పాస్టర్లు ఎక్కువగా పట్టుకునేది ఇంకో వాదం. దాని ప్రకారం ప్రేరణ ప్రతి మాటకూ వర్తిస్తుంది, కానీ రచయిత స్వభావం, శైలి, జ్ఞాపకం చెరిగిపోవు. పౌలుకు నిజంగానే గుర్తులేదు, గుర్తులేదని నిజమే రాశాడు, అందులో తప్పేముంది అంటారు. 1978లో షికాగోలో ఎవాంజెలికల్ పండితులు చేసిన ప్రకటన ఈ ధోరణిదే. బైబిల్ బోధించేదాంట్లో దోషం లేదంటూనే, చెప్పి రాయించడం అన్న పద్ధతికి అది తనను తాను కట్టేసుకోలేదు.

కథోలిక సంఘం 1965లో రెండో వాటికన్ సభలో వెలువరించిన పత్రం, దేవుడు మనుషుల శక్తియుక్తులను వాడుకున్నాడనీ, వాళ్లు నిజమైన రచయితలేననీ చెప్పింది. మన రక్షణ కోసం దేవుడు రాయించదలచిన సత్యాన్ని లేఖనాలు తప్పులేకుండా బోధిస్తాయంది. ఆ "రక్షణ కోసం" అన్న మాట హద్దా, ఉద్దేశమా అని కథోలికుల్లోనే వాదన ఉంది. హద్దు అనేవాళ్లకు బాప్తిస్మాల లెక్క పెద్ద విషయమే కాదు.

స్విస్ వేదాంతి కార్ల్ బార్త్ దారి వేరు. ఆయన దృష్టిలో బైబిల్ క్రీస్తును గురించి మనుషులిచ్చిన సాక్ష్యం. సాక్షి తడబడొచ్చు. దేవుడు ఆ సాక్ష్యం ద్వారా మాట్లాడినప్పుడు అది దేవుని వాక్యం అవుతుంది. దీంతో పూచీ పుస్తకం మీద కాక చదివేవాడి అనుభవం మీద పడుతుందని విమర్శకులు అంటారు. విశ్వవిద్యాలయాల్లో బైబిల్‌ను పాత గ్రంథంగా చదివే చరిత్రకారులు దైవప్రేరణ జోలికే పోరు. వాళ్లకు ఈ మూడు వచనాలు ఎవరో మాట్లాడుతుంటే రాసుకున్న ఉత్తరం అనడానికి చక్కటి ఆధారం, అంతే.

## పేరు ఒకరిది, రాత ఇంకొకరిదా?

రెండో వీడియో ఆయన మాటలోనూ నిజం ఉంది. మోషే రాశాడని చెప్పే ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయంలో మోషే చనిపోతాడు, ఆయన సమాధి ఎక్కడుందో నేటివరకూ ఎవరికీ తెలియదని కూడా ఉంటుంది. ఆ నాలుగు మాటలు యెహోషువ చేర్చాడని యూదుల పాత సంప్రదాయంలోనే ఒక వివరణ ఉంది. 19వ శతాబ్దపు జర్మన్ పండితులు ఇంకా ముందుకెళ్లి, మోషే ఐదు గ్రంథాలూ వేర్వేరు కాలాల రచనల కలయిక అన్నారు. యెషయా క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దపు ప్రవక్త. కానీ ఆయన గ్రంథం 45వ అధ్యాయంలో ఆరో శతాబ్దపు పారసీక రాజు కోరెషు పేరుతో సహా కనిపిస్తాడు. భవిష్యత్తు చెప్పాడని నమ్మేవాళ్లకు ఇందులో ఇబ్బంది లేదు. 40వ అధ్యాయం నుంచి చేయి మారిందని మెజారిటీ పండితులు అంటారు.

నాలుగు సువార్తల లోపల ఎక్కడా రచయిత తన పేరు చెప్పుకోడు. మత్తయి, మార్కు, లూకా, యోహాను అన్నవి శీర్షికల్లో ఉన్న పేర్లు. సుమారు క్రీ.శ. 180 నాటికి బిషప్ ఇరేనియస్ ఈ నాలుగు పేర్లనూ స్పష్టంగా చెబుతాడు. శీర్షికలు తర్వాత వచ్చినవే అని ఒక పక్షం అంటుంది. దొరికిన ప్రతుల్లో వేరే పేరు ఒక్కటీ లేదు కదా, తర్వాత తగిలించినవైతే ఇంత ఏకాభిప్రాయం ఎలా వచ్చిందని రెండో పక్షం అడుగుతుంది. హెబ్రీ పత్రిక సంగతి మూడో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఒరిగెన్ తేల్చేశాడు: ఎవరు రాశారో దేవునికే తెలుసు అన్నాడు.

పౌలు పేరుతో 13 పత్రికలున్నాయి. రోమా, రెండు కొరింథీ, గలతీ, ఫిలిప్పీ, ఒకటో థెస్సలొనీక, ఫిలేమోను, ఈ ఏడింటి మీద దాదాపు తగవే లేదు. మిగతా ఆరింటి మీద ఉంది, అన్నిటికంటే ఎక్కువ తగవు తిమోతి, తీతు పత్రికల మీద. కొత్త నిబంధనలో పేరున్నవాడు రాయలేదని అత్యధిక పండితులు అనేది పేతురు రెండో పత్రికను. విడ్డూరం చూడండి. దైవావేశానికి మూలస్తంభాలుగా ఎత్తిచూపే రెండు వచనాలూ (రెండో తిమోతి 3:16, రెండో పేతురు 1:21), రాసిందెవరన్న విషయంలో ఎక్కువ అనుమానం ఉన్న పత్రికల్లోనే ఉన్నాయి.

సంప్రదాయవాదుల జవాబు దస్తూరి దగ్గరికే వస్తుంది. లేఖరి మారితే శైలి మారదా, వయసు మీదపడితే మాట మారదా అంటారు. పైగా తిమోతి రెండో పత్రికలో పౌలు, త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మని అడుగుతాడు. దొంగ ఉత్తరం రాసేవాడు పాత అంగీ గురించి ఎందుకు రాస్తాడని వాళ్ల ప్రశ్న. నమ్మించడానికే అలాంటివి రాస్తారని అవతలివాళ్లు.

గురువు పేరుతో శిష్యుడు రాయడం ఆ రోజుల్లో తప్పు కాదని కొందరంటారు. ఈ మాట అంత తేలిగ్గా నిలవదు. పౌలు మీద ప్రేమతో ఆయన పేరు మీద ఒక రచన అల్లిన సంఘపెద్ద అది ఒప్పుకుని పదవి పోగొట్టుకున్నాడని తొలినాటి క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ రాశాడు. ప్రేమతో చేసినా ఊరుకోలేదన్నమాట.

## అసలు ప్రతి బూడిదైతే

బైబిల్ రచయితల చేతిరాతలో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ఉన్నవన్నీ నకళ్లు, నకళ్లకు నకళ్లు. షికాగో ప్రకటన కూడా దోషరాహిత్యం మొదట రాసిన మూలప్రతులకే అంటుంది. లేని ప్రతి గురించి ఆ మాట ఎందుకని విమర్శకులు అడుగుతారు. నకళ్లను పోల్చి మూలాన్ని చాలా దగ్గరగా పట్టుకోవచ్చని సమర్థకులు చెబుతారు. దానికి ఆధారాలు రెండు వైపులా ఉన్నాయి. 1947లో మృతసముద్రం పక్క గుహలో దొరికిన యెషయా చుట్ట, అప్పటిదాకా ఉన్న హీబ్రూ ప్రతులకంటే సుమారు వెయ్యేళ్లు పాతది. చిన్న తేడాలు చాలా ఉన్నా గ్రంథం మొత్తం మీద అదే. మరోవైపు, "మీలో పాపము లేనివాడు" మొదటి రాయి వేయమన్న కథ, మనకెంతో ఇష్టమైనది, నాలుగో శతాబ్దపు రెండు ముఖ్యమైన గ్రీకు ప్రతుల్లో లేదు.

మూలప్రతి అన్న ఊహనే కాస్త కదిలించే సంఘటన యిర్మీయా 36లో ఉంది. ప్రవక్త చెబుతుంటే బారూకు సిరాతో చుట్ట మీద రాశాడు. చలికాలం, రాజు యెహోయాకీము కుంపటి ముందు కూర్చుని విన్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే చాకుతో కోసి నిప్పుల్లో వేశాడు, అలా చుట్టంతా తగలబెట్టాడు. యిర్మీయా మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు. అలాంటి మాటలు ఇంకా ఎన్నో ఈసారి చేరాయని ఆ అధ్యాయమే చెబుతుంది. మరి మూలప్రతి ఏది? బూడిదైనదా, పెరిగినదా?

## "ప్రతి లేఖనము" అంటే ఏవేవి?

ప్రొటెస్టెంట్ బైబిల్లో 66 పుస్తకాలు, కథోలిక బైబిల్లో 73. ఇప్పటి కొత్త నిబంధనలోని 27 పుస్తకాలనే సరిగ్గా పేర్కొన్న మొదటి జాబితా, మనకు తెలిసినంతలో, అలెగ్జాండ్రియా బిషప్ అథనేషియస్ 367లో రాసిన లేఖలో ఉంది. సంఘం ఈ పుస్తకాలకు అధికారం ఇచ్చిందా, ఉన్న అధికారాన్ని గుర్తించిందా అన్నది కథోలికులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య పాత తగవు.

దాన్నలా ఉంచితే, తిమోతి పత్రిక "లేఖనము" అన్నప్పుడు ఆ యువకుడు చిన్నప్పటి నుంచి చదువుకున్న యూదుల గ్రంథాలనే అంటోంది. అప్పటికి కొత్త నిబంధన అన్న పుస్తకం లేదు. ఆ వచనం తనను తాను లెక్కలో వేసుకుందో లేదో చెప్పలేం. పౌలు పత్రికలను లేఖనాల వరసలో పెట్టి మాట్లాడే చోటు కొత్త నిబంధనలో ఒక్కటే, పేతురు రెండో పత్రిక 3:16. అక్కడే, అదే వాక్యంలో, పౌలు రాసినవాటిలో "కొన్ని సంగతులు గ్రహించుటకు కష్టమైనవి" అని కూడా ఉంది.

ఆ వచనం ఫోటో తీసి మావాడికి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.